మోటుపల్లి అభయ శాసనం: ఒడ్డుకు కొట్టుకొచ్చిన సొమ్ము ఎవరిది?

అంతర్జాతీయ న్యాయం అనగానే చదువుకున్నవారికి హేగ్ నగరమో, జెనీవాయో, న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి భవనమో స్ఫురిస్తాయి. ఓరుగల్లులో ఉంటూ, ఏళ్ళ తరబడి పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాబోటివాడికి మాత్రం మొదట స్ఫురించేది మోటుపల్లి. చీరాలకు దక్షిణాన, సముద్రానికి చేరువలో, నేడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న చిన్న పల్లె అది. అక్కడి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద మా కాకతి గణపతిదేవుడు చెక్కించిన శాసనం ఉంది. శకవర్షం 1166, క్రోధి నామ సంవత్సరం, అనగా క్రీ.శ. 1244-45. సంవత్సరం పేరు క్రోధి, శాసనంలోని మాట మాత్రం అభయం!

శాసనంలోని ముఖ్య విషయాన్ని నా మాటల్లో చెబుతాను, చిత్తగించండి. ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, దారి తప్పి, పగిలి, తమ తీరానికి కొట్టుకొస్తే పూర్వపు రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తమూ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకొని, సముద్రయానమనే మహాసాహసానికి తెగించి వచ్చిన ఆ వర్తకులకు మేము దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ కౢప్త శుల్కం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నాము. ఇదీ సారాంశం. సకల ద్వీపాలకు, దేశాంతరాలకు, పట్టణాలకు పోయివచ్చే సాంయాత్రికులందరికీ ఈ అభయం వర్తిస్తుందని కూడా అందులోనే ఉంది. మా రాజ్యంవారికి, మా మతంవారికి, మా భాషవారికి అన్న పరిమితి ఎక్కడా లేదు.

కౢప్త శుల్కం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నేటి వాడుకలో ‘క్లుప్తం’ అంటే సంక్షిప్తం. సంస్కృతంలో కౢప్తమంటే ముందుగా ఏర్పరచినది, నిశ్చయించినది. కౢప్త శుల్కమంటే ‘కొద్దిపాటి సుంకం’ అని అర్థం చెప్పుకుంటే పొరపాటు. అది ఇంత అని ముందే ప్రకటించిన సుంకం. ఎగుమతి దిగుమతులకు ముప్పదింట ఒక వంతు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు వంటి సరకులకు వేరువేరు లెక్కలు తెలుగులోనే చెక్కించారు. పండితులకు సంస్కృతం, రేవులో లెక్క చూసుకునేవాడికి తెలుగు. సుంకరి తనకు తోచినంత అడగడానికి వీల్లేదు. ఎదురుగా రాయి ఉంది, అక్షరం వచ్చినవాడెవడైనా చదివి చూపించగలడు.

1947 అక్టోబరు 30న జెనీవాలో 23 దేశాలు చేసుకున్న వాణిజ్య ఒప్పందానికి (దాన్నే గాట్ అంటారు) ఆధారమైన సూత్రాల్లో ఇదొకటి. ఏ సరకు మీద గరిష్ఠంగా ఎంత సుంకం వేస్తామో ముందే రాసిపెట్టి, ఆ పైన వేయకుండా కట్టుబడి ఉండడం. ఆ 23 దేశాల్లో భారతదేశమూ ఒకటి. 1995 జనవరి 1 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ ఆ జాబితాలను సంరక్షిస్తూ వస్తున్నది. వ్యాపారి ఎక్కువ సుంకానికి భయపడడు, ఎంతో తెలియని సుంకానికి భయపడతాడు. ఎక్కువైతే ధరలో కలుపుకుంటాడు. ఎంతో తెలియకపోతే ఓడనే ఎక్కడు.

ఇక పగిలిన ఓడల సంగతి. ఆ కాలాన ఇది మన తీరపు జబ్బు మాత్రమే కాదు. ఐరోపాలోనూ తీరప్రభువులు ఒడ్డుకు చేరిన సొమ్ము తమదేననేవారు. ఓడ మునిగి దిక్కులేక ఒడ్డుకు చేరిన క్రైస్తవులను దోచుకునేవారిని వెలివేస్తామని 1179లో రోములో జరిగిన మూడవ లాటరన్ మహాసభ శాసించవలసి వచ్చింది. మన శాసనం తరువాత ముప్పై ఏళ్ళకు, 1275లో, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు వెస్ట్‌మినిస్టర్ చట్టంలో ఒక చిత్రమైన నియమం పెట్టాడు. పగిలిన ఓడ నుంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ ఓడ ‘దిక్కులేని సొమ్ము’ కాదు, దాన్ని యజమాని కోసం భద్రపరచాలి. పిల్లి బ్రతికిందా లేదా అన్న దాని మీద వర్తకుడి ఆస్తి ఆధారపడిందన్నమాట! ఆ పిల్లిని ఒడ్డున ఎవడూ నీళ్ళలో ముంచకుండా కాపలా ఎవరు కాశారో మరి.

మన దేశపు పడమటి తీరంలో ఇంకో తీరు. మార్కో పోలో తన యాత్రాగ్రంథంలో మలబారు వైపున ఏలి అనే రాజ్యాన్ని ప్రస్తావించాడు. వేరే రేవుకు పోవలసిన ఓడ దారి తప్పి అక్కడి ఏటిముఖంలోకి వస్తే, నువ్వు వేరే చోటికి పోతుంటే దేవుడే నిన్ను మా దగ్గరికి పంపాడు కనుక నీ సొమ్మంతా మాదే అని దోచుకునేవారట. ఆ మార్కో పోలోయే మన మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అని రాసి, అక్కడి సాలెగూడు వంటి సన్నని బట్టలనూ, వజ్రాలనూ, న్యాయం తప్పక పాలించే రాణినీ మెచ్చుకున్నాడు. రాణి అంటే మన రుద్రమదేవి. ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా రాశాడు గాని, నిజానికి ఆమె గణపతిదేవుని కూతురు. పరదేశి విన్న కబురు అలాగే ఉంటుంది.

ఈ సంగతులు చెప్పినప్పుడల్లా కొందరు మిత్రులు ఉప్పొంగిపోయి ‘చూశారా, అంతర్జాతీయ న్యాయం మనవాళ్ళే కనిపెట్టారు’ అంటారు. ఆ మాటకు నేను తలూపలేను. శాసనాన్ని సరిగా చదవండి. పూర్వరాజులు దోచుకునేవారని అదే ఒప్పుకుంటున్నది కదా! ఆ రాజులు ఎవరో పరాయివాళ్ళు కారు. పోనీ వారికి శాస్త్రం లేదా అంటే, ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నావధ్యక్ష ప్రకరణం ఉంది. గాలికి దెబ్బతిని వచ్చిన నావను తండ్రి బిడ్డను ఆదుకున్నట్టు ఆదుకోవాలని, నీళ్ళలో తడిసిన సరకుకు సుంకం పూర్తిగానో సగమో మాన్పాలని అందులో చెప్పారు. శాస్త్రంలో వాక్యం ఉండడం వేరు, రేవులో అది నడవడం వేరు. ఆ అర్థశాస్త్రమే మరుగున పడిపోయి, 1909లో మైసూరులో శామశాస్త్రిగారు అచ్చువేయించేదాకా లోకానికి దొరకలేదు. గణపతిదేవుని గొప్పతనం కొత్త ధర్మాన్ని కనిపెట్టడంలో లేదు. తన చేతిలో ఉన్న ఒక లాభసాటి హక్కును పదిమంది ఎదుట వదులుకొని, మళ్ళీ తానే కాదనలేని విధంగా రాతి మీదికి ఎక్కించడంలో ఉంది.

ఎందుకు వదులుకున్నాడు? దయ, కీర్తి, ధర్మం అని శాసనం చెప్పిన మూడు కారణాలనూ నేను కాదనను. నాలుగోది అడుగున ఉంది: గుర్రాలు. దక్కను రాజులకు మేలుజాతి గుర్రాలు సముద్రం మీదుగానే రావాలి. అవి లేకపోతే సైన్యం లేదు. ఒక పగిలిన ఓడను దోచుకుంటే ఆ ఏటికి నాలుగు డబ్బులు వస్తాయి గాని, ఆ వార్త తెలిసిన పది ఓడలు మరుసటి ఏడు వేరే రేవుకు పోతాయి. గణపతిదేవుడు దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్ళాడి, వారి సోదరుడు జాయపను సేనాపతిగా చేసుకున్నవాడు. (నృత్తరత్నావళి రాసిన జాయప ఇతడే.) తీరం నాడి తెలిసిన బంధువర్గం ఆయన ఇంట్లోనే ఉంది.

ఇది ఒప్పందం కాదని గమనించాలి. రెండవ పక్షం సంతకం లేదు. ఒక ప్రభువు తనంతట తాను లోకానికిచ్చిన మాట. అలాంటి ఏకపక్షపు మాట న్యాయంలో కట్టుబాటు అవుతుందా? పసిఫిక్ సముద్రం మీద ఆకాశంలో అణుపరీక్షలు ఇక చేయబోమని ఫ్రాన్సు ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వేసిన వ్యాజ్యాల్లో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం 1974 డిసెంబరు 20న తీర్పిస్తూ, కట్టుబడాలన్న ఉద్దేశంతో బహిరంగంగా చేసిన ప్రకటన ఆ రాజ్యాన్ని కట్టేస్తుందని చెప్పింది. ఆ లెక్కన మోటుపల్లి స్తంభం ఉత్తి దానశాసనం కాదు.

అయితే రాజుతోపాటు మాట పోతుంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. 1358లో కొండవీటి అనపోతరెడ్డి తరఫున మంత్రి సోమయ అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. సంస్కృతం, తెలుగుతోపాటు ఈసారి తమిళంలో కూడా. వచ్చిన వర్తకులను ఆదరిస్తాం, వెళ్ళిపోతామంటే నిర్బంధించం, సరకు బలవంతంగా లాక్కోం, కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రికదండం ఎత్తివేస్తున్నాం, గంధం మీద సుంకంలో మూడోవంతు తగ్గిస్తున్నాం. ఇలా సాగుతుంది. ఒకసారి ఇచ్చిన అభయాన్ని 114 ఏళ్ళ తరువాత మళ్ళీ ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ నడుమ ఆ తీరంలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వర్తకం సంగతి ఇలా ఉంటే, యుద్ధం సంగతేమిటి?

గణపతిదేవుని కాలంవాడే తిక్కన సోమయాజి. తన ప్రభువు మనుమసిద్ధికి పోయిన నెల్లూరు రాజ్యం మళ్ళీ దక్కడానికి సాయం కోరుతూ ఆయన ఓరుగల్లు వచ్చాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్రము చెబుతుంది. ఆ తిక్కనగారి ఉద్యోగపర్వాన్ని నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. యుద్ధానికి ముందు రాయబారాలు ఒకటి కాదు, ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, చివరకు శ్రీకృష్ణుడు. అయిదు ఊళ్ళిచ్చినా చాలునన్నారు. దూతను బంధించబూనడం ఎంత నీచమో సభలో అందరికీ తెలుసు. (దూత శరీరం మీద చెయ్యి వేయరాదన్న ఈ నియమాన్నే 1961 నాటి వియన్నా ఒప్పందంలో రాసుకున్నారు.) తరువాత భీష్మపర్వం మొదట్లో ఉభయసేనలూ నియమాలు పెట్టుకున్నాయి. రథికుడు రథికునితోనే పోరాడాలి, ఆయుధం లేనివాణ్ణి, యుద్ధం నుంచి మళ్ళినవాణ్ణి కొట్టరాదు. పద్దెనిమిది రోజులు ముగిసేసరికి వాటిలో నిలిచినదేమిటి? అభిమన్యుడు, ద్రోణుడు, కర్ణుడు, దుర్యోధనుని తొడ, ఆఖరికి నిద్రలో ఉన్న ఉపపాండవులు.

ఈ పాఠం చెబుతుంటే వెనుక బల్ల మీది పిల్లవాడొకడు లేచి, ‘సార్, రూల్సు రెండు దిక్కులా ఒప్పుకున్నరు గదా, తప్పినోనికి శిక్ష ఎవరెయ్యాలె?’ అని అడిగాడు. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు.

వాడికి ఆనాడు నేను కర్మఫలం, శాపం అంటూ ఏవేవో చెప్పాను. నేడు అడిగితే మోటుపల్లితో పోల్చి చెబుతాను. రేవులో మాట తప్పిన రాజుకు శిక్ష వేసేది మరుసటి ఏడు రాని ఓడ. వర్తకంలో రెండు పక్షాలూ మళ్ళీ మళ్ళీ కలుసుకోవాలి. యుద్ధంలో గెలిచినవాడు ఓడినవాడితో ఇక పని ఉండదనుకుంటాడు. మా హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనమే చూడండి, గణపతిదేవుని పెదతండ్రి రుద్రదేవుడు శత్రువు పట్టణాన్ని తగలబెట్టడాన్ని అది ఘనతగానే కీర్తిస్తుంది. ఒకే వంశం. తీరంలో అభయం, శత్రుపురంలో అగ్ని.

ఈ తేడా మా ఓరుగల్లుకు ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ అనుభవానికి వచ్చింది. అప్పటికి మాకు సముద్రం లేదు. 1766 నాటి సంధితో నిజాము ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదిలాడు, 1788లో గుంటూరు సీమ కూడా పోయింది. మోటుపల్లి ఉన్న తీరమంతా అలా చేజారి, ఓరుగల్లు నాలుగు వైపులా నేలే ఉన్న రాజ్యంలో భాగమైంది. 1947 నవంబరు 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ కుదిరిన యథాతథ ఒప్పందంలో, తగాదా వస్తే ఇరుపక్షాల మధ్యవర్తుల చేత తీర్పు చెప్పించుకోవాలన్న నిబంధన ఉంది. తగాదాలు వచ్చాయి, మధ్యవర్తులు రాలేదు. భారత ప్రభుత్వం సరుకులు రానీయక దిగ్బంధం చేస్తున్నదని నిజాము సర్కారు, మీరే ఒప్పందాన్ని ఉల్లంఘించి రజాకార్లను ఉసిగొల్పుతున్నారని ఢిల్లీ. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు తెచ్చి హైదరాబాదుకు చేరవేశాడు. ఓడ లేని రాజ్యానికి విమానమే ఓడ అయింది.

ఆగస్టు 21న నిజాము ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఆ తరువాత ఆరు రోజులకు, 1948 ఆగస్టు 27న, పాత ఓరుగల్లు జిల్లా బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాము సైనికులూ ఊరి మీద పడి జనాన్ని వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. సరిగ్గా ఇరవై ఏళ్ళ కింద, 1928లో అదే తేదీన, యుద్ధాన్ని రాజనీతి సాధనంగా వాడబోమని ప్యారిస్‌లో పలు పెద్ద దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. బైరాన్‌పల్లి బురుజు దగ్గర ఆ సంగతి ఎవరికి తెలుసు? తన ప్రజలనే చంపుకుంటున్న ప్రభువు తన రక్షణ కోసం అంతర్జాతీయ న్యాయాన్ని ఆశ్రయించాడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. దానికి ‘పోలీసు చర్య’ అని పేరు. ఆ పేరును మా పెద్దలు మామూలు మాటగా వాడేవారు గాని, అది న్యాయవాదుల మాట. ఐక్యరాజ్యసమితి నియమావళి రెండవ అధికరణం ప్రకారం ఒక రాజ్యం మరో రాజ్యం మీద బలప్రయోగం చేయరాదు. దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో సమితి జోక్యం చేసుకోరాదు. హైదరాబాదు రాజ్యమైతే అది యుద్ధం, కాకపోతే పోలీసు పని. వాదమంతా ఆ ఒక్క పేరులో ఉంది. అంతకు ఏడాది ముందు, 1947 జులైలో, ఇండోనేషియా మీదికి సైన్యాన్ని పంపిన డచ్చివారు కూడా దాన్ని పోలీసు చర్య అనే అన్నారు, ఆంతరంగికమనే వాదించారు. ఆ వాదం చెల్లదని భద్రతా మండలికి ఎక్కినవారిలో ఆస్ట్రేలియాతోపాటు మన దేశమూ ఉంది! రెండూ ఒకటేనని నేననను. డచ్చివారు పరాయి పాలకులు. ఇక్కడ ప్రజల్లో అత్యధికులు కోరుకున్నది విలీనాన్నే, ఆ సైన్యాన్ని చూసి ఓరుగల్లు ఊపిరి పీల్చుకుంది. కానీ పేరు ఒకటే కావడం గుర్తుంచుకోదగ్గది.

సెప్టెంబరు 16న ప్యారిస్‌లో సమావేశమైన మండలి ఎనిమిది ఓట్లతో హైదరాబాదు అంశాన్ని చర్చకు స్వీకరించింది. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. మరునాడు నిజాము లొంగిపోయాడు. 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు తంతి పంపాడు. ఆ తరువాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లిముల మీద ఘోరమైన ప్రతీకారం జరిగింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ బృందం అంచనా కట్టింది, ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు మరీ దెబ్బతిన్నాయని అందులో ఉంది. దేశం లోపలి సాయుధ పోరులో కూడా ఆయుధం లేనివారిని చంపరాదన్న నియమం 1949 ఆగస్టు 12 నాటి జెనీవా ఒప్పందాల మూడవ అధికరణంలో వచ్చింది. అప్పటికి ఇక్కడ దాదాపు సంవత్సరం గడిచిపోయింది. భారతదేశం వాటిని 1950 నవంబరులో ధ్రువీకరించింది.

భద్రతా మండలిలో 1949 మే నెలలో మరో రెండు రోజులు చర్చ జరిగింది. పాకిస్తాన్ తరఫున జఫరుల్లా ఖాన్ సుదీర్ఘంగా మాట్లాడాడు. తీర్మానమేదీ రాలేదు. ఫిర్యాదుదారు తప్పుకున్నా, అడిగిన రాజ్యం పటం మీద లేకుండా పోయినా, ‘హైదరాబాదు ప్రశ్న’ మాత్రం మండలి పరిశీలనలో ఉన్న అంశాల జాబితాలో దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయింది.